గోడకు అవతలి వేడి

ముప్పై ఏళ్లుగా బొరుగుల బట్టీ ముందు కూర్చుంటున్నదాన్ని. వేడి గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదనుకునేదాన్ని. నా కడుపున పుట్టిందే వచ్చి చెప్తుందని మాత్రం అనుకోలేదు.

నా పేరు యశోదమ్మ. మదనపల్లెలో మా వీధి చివర ఉన్న బట్టీ మాది. ఉప్పునీళ్లు పట్టించి ఆరబెట్టిన బియ్యాన్ని కాలే ఇసుకలో పోస్తే చిటపటమంటూ తెల్లగా పొంగుతాయి. అవే బొరుగులు. చూడ్డానికి తేలికైన తిండే గానీ, ఇసుక కాలుతూ ఉండాలంటే పొయ్యిలోకి వేరుశనగ పొట్టు పోస్తూనే ఉండాలి. పోసినదాంట్లో సగం వేడి ఇసుకకి పోతుంది. మిగతా సగం గోడలకీ, రేకుల కప్పుకీ, నా మొహానికీ.

ఆ గోడల్లో ఒకటి పక్కింటి రెడ్డెమ్మది కూడా. ఇవతల మా బట్టీ వీపు, అవతల ఆవిడ గది. ముందు వసారాలో ఇడ్లీ అంగడి, వెనక ఆ ఒక్క గదిలోనే మంచం, గ్రైండరు, పిండి గిన్నెలు. సాయంత్రం పిండి రుబ్బి గిన్నెల్ని మా గోడకి ఆనించి పెట్టేది. మదనపల్లె చలి తెలియనివాళ్లకి చెప్తున్నాను, కార్తీకంలో మా ఊళ్లో పిండి పులవడమంటే మాటలు కాదు. రెడ్డెమ్మ పిండి మాత్రం తెల్లారేసరికి మూతని పైకెత్తి కూర్చునేది. సోడా ఉప్పు వేసేవాళ్లని చూస్తే ఆవిడకి ఒళ్లు మంట. "అది ఇడ్లీ కాదు మే, మందుబిళ్ళ" అనేది.

మా ఇందుమతి ఆ గదిలోనే పెరిగింది. మా ఆయన పోయాక బట్టీ నా నెత్తిన పడింది. పసిపిల్లని నిప్పు దగ్గర పెట్టుకోలేను కదా. రెడ్డెమ్మకి పిల్లల్లేరు. "నా దగ్గర పడేసి పో" అంది. ఇందు ఆ మంచం మీద, వెచ్చటి గోడకి వీపు ఆనించి చదువుకుంది. ఇడ్లీలు తింటూ ఎక్కాలు అప్పజెప్పింది. ఆవిడని చిన్నమ్మా అని పిలుస్తుంది. మా రెండిళ్లకీ చుట్టరికమేమీ లేదు. అడిగినవాళ్లకి ఏదో ఒకటి కల్పించి చెప్పడం మాకలవాటు.

అలా చదివి చదివి మా పిల్ల తిరుపతిలో ఒక ప్రయోగశాలలో చేరింది. ఏం చేస్తావే అక్కడ అంటే, వేడిని దండగ పోకుండా ఆపే పని అనేది. ఆ మాటకి నేనూ రెడ్డెమ్మా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. గాలిని మూటగట్టే ఉద్యోగంలా అనిపించింది మాకు.

నవ్వు ఎన్నాళ్లో నిలవలేదు. మిషన్ల మీద చేసిన బొరుగులు బయట ఊళ్ల నుంచి చవగ్గా దిగడం మొదలైంది. ఇటు పొట్టు ధర కొండెక్కింది. మా ఊళ్లో బట్టీలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. నేనూ మూసేస్తానని ఫోన్లో చెప్పిన రోజున ఇందు, "ఒక్కసారి తిరుపతికి రామ్మా. వచ్చి చూసినాక మూసేద్దువులే" అంది.

వెళ్లాను. ప్రయోగశాల అంటే ఏదో అనుకున్నాను, మా వంటిల్లే నయం. చెక్కబల్ల మీద రెండు స్టీలు గ్లాసులు, వాటి మధ్య నిలబెట్టిన ఒక బూడిదరంగు పలక. పలకకి ఒకవైపు గరుకు, ఇంకోవైపు నున్నన. రెండు గ్లాసుల్లోనూ ఒకే కుండలోని నీళ్లు పోసింది. వేలు పెట్టి చూడమంది. రెండూ ఒకటే.

"ఇప్పుడు కాఫీ తాగుదాం రా" అంది.

తాగి వచ్చి మళ్లీ వేలు పెట్టాను. గరుకువైపు గ్లాసు ఫ్రిజ్జులోంచి తీసినట్టుంది. నున్నటివైపు గ్లాసులో వేలు చురుక్కుమంది. కింద పొయ్యి ఉందేమోనని వంగి చూశాను. ఏమీ లేదు.

"మన బాయిలో మోటారుకి ఫుట్ వాల్వు ఉంటాది చూడు," అంది ఇందు. "నీళ్లని పైకి పోనిస్తాది, కిందికి రానీదు. ఇది వేడికి ఫుట్ వాల్వు. గరుకువైపు నుంచి పోయిన వేడి నున్నటివైపుకే పోతాది, ఎనక్కి రాదు."

"ఇట్టాంటిది ఉంటాదా అసలు?"

"ఉండదని పుస్తకాల్లో రాసుండారు. మా పెద్దసారు కూడా ఉండదనే అన్నాడు. గ్లాసు మాత్రం ఉందంటాంది, నేనేం చేసేది?"

ఆ ముక్క చెప్తున్నప్పుడు దాని కళ్లకింద నలుపు చూశాను. అక్కడున్న ఒకరిద్దరు దాన్ని ఎగతాళి చేస్తున్నారనీ, ఈ పనికి డబ్బులివ్వడం ఆపేస్తామంటున్నారనీ ఆ రోజే తెలిసింది. పెద్ద పొయ్యి మీద పెట్టి చూపిస్తే తప్ప ఎవరూ నమ్మరట. దానికి ఒక పెద్ద పొయ్యి కావాలి. నాకు మూతపడబోయే బట్టీ ఒకటుంది. ఇంకేముంది!

ఉగాది వెళ్లాక వచ్చి పొయ్యి చుట్టూ, వెనక గోడ పొడవునా పలకలు పరిచింది. నున్నటివైపు నిప్పుకి, గరుకువైపు బయటికి. బయటికి పారిపోయే వేడి మళ్లీ ఇసుకకే చేరుతుందన్న మాట. మా బట్టీ మనిషి కదిరప్ప మొదటిరోజు అలవాటుగా పొట్టు దిమ్మరించేసరికి ఇసుక ఎర్రబడి బొరుగులన్నీ నల్లగా మాడిపోయాయి. ఆ బూడిద చూసి మా పిల్ల గంతులేసింది. సరుకు నాశనమైందని నేను తిడుతుంటే వినిపించుకుంటేనా!

తరవాత అలవాటు పడ్డాం. పొట్టు మునుపటిలో మూడోవంతు కూడా పట్టేది కాదు. ఇసుక వేడి ఒకే తీరుగా నిలవడంతో గింజ గింజా పొంగేది, మాడు తగ్గింది, రంగు వచ్చింది. బెంగళూరు కొట్లవాళ్లు మా బొరుగులే కావాలని అడగడం మొదలుపెట్టారు. ఇంకో మూకుడు వేశాం. పనివాళ్లకి కూలి పెంచాను. అన్నిటికన్నా వింత, ఎండాకాలంలో బట్టీలో చెమట పట్టకపోవడం. నెత్తిన నీళ్లు కుమ్మరించుకోవడానికి మాటిమాటికీ బయటికి పరిగెత్తే కదిరప్ప కూర్చుని పాటలు పాడేవాడు. పాటలు వినలేక మేమే బయటికి వెళ్లేవాళ్లం.

ఇక గోడకి అవతలి సంబరం చెప్పనక్కర్లేదు. మే నెలలో ఒక మధ్యాహ్నం రెడ్డెమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఏం మే యశోదా, నీ బట్టీ గానీ ఆరిపోయిందా? గోడ చల్లంగా ఉండాది!"

"ఆరిపోలేదు. నీ కూతురు నీకు ఏసీ పెట్టింది" అన్నాను.

అంతే. వీధిలో సగంమంది ఆ గదిలోనే. గోడకి వీపులు ఆనించి ఆడవాళ్లు వరసగా కూర్చుని కబుర్లు. మజ్జిగ చెంబులు గోడవార. మా ఇంట్లో ఇంకో కూతురుంటే ఈ పిల్ల అంత చదవకపోయినా కోడల్ని చేసుకుంటామనేవాళ్లు కూడా తయారయ్యారు. రెడ్డెమ్మ ఆ కబుర్లన్నీ ఇందుకి ఫోన్ చేసి చెప్పి మురిసిపోయేది. బెంగళూరు బిస్కెట్ల కంపెనీ ఒకటి పలకల సంగతి విని, డిసెంబరులో వారంపాటు మా బట్టీలో మీటర్లు పెట్టి చూసుకుంటామని రాసిన సంగతి నాకన్నా ముందు ఆవిడకే తెలిసింది. కంపెనీకి నచ్చితే ఇందుకి సొంతంగా ప్రయోగశాల వస్తుంది. ఇక దాన్ని చూసి ఎవరూ నవ్వరు.

కార్తీకం వచ్చింది. చలి దిగింది.

ఒకరోజు పొద్దున ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాను. నాలుక చివర ఏదో సబ్బులాంటి చురుకు. ఇంకో ముక్క తిన్నాను. సందేహం లేదు.

"రెడ్డెమ్మా, సోడా ఏసినావా?"

"నీ నోరు చెడింది. పోయి పండ్లు తోముకోని రా" అని కసిరింది.

మర్నాడూ అదే. ఆ మర్నాడు ఇడ్లీ గట్టిగా, కింద పడితే ఎగిరేటట్టుంది. రోజూ వచ్చే లారీ ఆఫీసు వాళ్లు వీధి మొదట్లోని హోటలుకి మళ్లారు. ఏమైంది మే అంటే వయసైపోయిందంటుంది, మినుములు బాగాలేవంటుంది, గ్రైండరు రాయి అరిగిందంటుంది. దగ్గు ఒకటి పట్టుకుంది ఆవిడకి. నేను ఊరుకోవచ్చు కదా! "వయసు కాదు, బద్ధకం. పిండి చేత్తో కలపడం మానేసుంటావ్" అనేశాను. రెడ్డెమ్మ నా వంక చూసి, ఏమీ అనకుండా ప్లేటు తీసుకుని లోపలికి పోయింది. మాటకి మాట అప్పజెప్పని రెడ్డెమ్మని నేను అదే చూడ్డం. అయినా నాకు తట్టలేదు. కంపెనీవాళ్లు వస్తున్నారన్న హడావిడిలో ఉన్నాను.

వాళ్లు రావడానికి ముందురోజు ఇందు దిగింది. సంచి ఇంట్లో పెట్టకుండా నేరుగా చిన్నమ్మ అంగడికి పోయి రెండిడ్లీలు పెట్టించుకుంది. నేనూ పక్కనే నిలబడ్డాను. మొదటి ముద్దకే దాని నమలడం ఆగింది. చేయి కడుక్కుని, రెడ్డెమ్మ "యాడికి పాపా, నిలబడు" అంటుండగానే లోపలి గదిలోకి పోయింది. వెనకే నేను వెళ్లాను.

గదిలో అడుగుపెట్టగానే నా ఒళ్లు జలదరించింది. బయట వీధిలో కన్నా లోపల చలిగా ఉంది. గోడవార గిన్నెలు లేవు. మంచం మీద రగ్గు కప్పుకుని ఎవరో పడుకున్నట్టుంది. ఇందు రగ్గు తీసింది. పిండి గిన్నెలు. బొంత కూడా వాటి చుట్టూనే చుట్టి ఉంది. మంచం పక్కన నేల మీద చాప, దాని మీద మడిచిన ఒక పాత చీర. రెడ్డెమ్మ పడుకుంటున్నది అక్కడ. కప్పుకుంటున్నది అది.

ఇందు వెళ్లి గోడ మీద అరచెయ్యి పెట్టింది. వెంటనే తీసేసింది.

"చిన్నమ్మా, ఎన్నాళ్ల నుంచి?"

"చలి మొదలైనప్పటి నుంచే," అంది రెడ్డెమ్మ, గుమ్మంలో నిలబడి. "ఏం కాదులే. ఎండాకాలం సుఖపడ్లేదా, చలికాలం కొంచెం ఓర్చుకుంటే పోయిందేముంది."

"నాకు చెప్పొచ్చు గదా!"

"చెప్తే నువ్వు పలకలు పీకేస్తావు. నాకు తెలీదా నీ సంగతి? ఆ కంపెనీ నాయాళ్లు వచ్చి పోయేదాకా గమ్ముగుందామనుకున్యా. నిన్ను చూసి నవ్వినోళ్ల ముందర నీ పలకలకి నా ఇడ్లీల వల్ల మచ్చ రాకూడదు పాపా."

ఈ మనిషినా నేను బద్ధకమన్నది!

ఇందు ఆ మధ్యాహ్నమంతా గోడకి రెండువైపులా కొలతలు తీసింది. వచ్చి నా పక్కన అరుగు మీద కూలబడింది. మా పొట్టు అంతగా తగ్గడానికి కారణం మా వేడి మాకు తిరిగి రావడం ఒక్కటే కాదట. పలక గరుకువైపున ఏముంటే దాని వెచ్చదనాన్ని కూడా లాగి పొయ్యికి అందిస్తోంది. బజారు వైపు గోడల దగ్గర ఏ బాధా లేదు, బయటిగాలి ఎంత పోయినా మళ్లీ వస్తుంది. వెనక గోడ దగ్గర ఉన్నది మూసిన గది. ఆ గదిలోని వేడినీ, రెడ్డెమ్మ ఒంట్లోని వేడినీ కూడా మేం బొరుగులు వేయించడానికి వాడుకున్నామన్న మాట.

"గ్లాసు చల్లబడ్డం నేనే చూపించినా కదమ్మా నీకు. ఇంత చదివి ఆ గోడ దగ్గర ఎట్ట మరిసిపోయినానంటే..." చేతిలోని కొలతల కాగితం వంక చూసింది. "చిన్నమ్మ గది వేరే వాళ్లదని నాకెప్పుడూ తోచలేదు. లెక్క రాసేటప్పుడు అది కూడా మన ఇల్లేననుకోని, లోపలి కింద రాసేసినా. లోపలి వేడి లోపలే ఉంటాది గదా అని."

అంత ప్రేమగా ఎవరైనా తప్పు చేస్తారా? దాన్ని దగ్గరికి తీసుకున్నాను. అయితే నేను వ్యాపారం చేసుకునేదాన్ని కూడా. పొయ్యి వీపు ఆ గోడకే ఉంది, పలకలు ఎక్కువ పనిచేసేది అక్కడే. అవి తీస్తే లెక్క పడిపోతుంది, కంపెనీ వెళ్లిపోతుంది, మళ్లీ పొట్టు మోత మొదలవుతుంది. నా బట్టీ, పనివాళ్లు, దాని ప్రయోగశాల అన్నీ కళ్లముందు తిరిగాయి.

"వారమే గదా. ఈ వారం రెడ్డెమ్మని మనింట్లో పడుకోబెట్టుకుందాం. వాళ్లు పోయినాక తీద్దువు" అన్నాను.

"ఆ వారం లెక్క చూసే గదమ్మా వాళ్లు కొనేది. దాంట్లో చిన్నమ్మ వేడి కూడా కలిసుంటే దాన్ని పొదుపని ఎట్ట చెప్పేది?"

సాయంత్రానికి అది వెనక గోడ పలకలన్నీ ఊడదీసి, తిప్పి బిగించింది. ఇప్పుడు నున్నటివైపు రెడ్డెమ్మ గదికి.

కంపెనీ తరఫున శశిధర్ అనే ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడు. వారంపాటు మీటర్లు పెట్టి, చివరిరోజు కాగితాలు చూసి పెదవి విరిచాడు. పొట్టు తగ్గిన మాట నిజమే గానీ చెప్పినంత లేదన్నాడు. వెనక పలకలు ఎందుకు తిప్పారని అడిగాడు. ఇందు ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"మా ఫ్యాక్టరీ పక్కన ఎవరి గదీ లేదు మేడమ్. అక్కడ తిప్పాల్సిన అవసరం ఉండదు" అన్నాడాయన.

"ప్రహరీకి ఆనుకుని ఏముంది సార్?"

"ఏముంది... మా పనివాళ్ల క్వార్టర్లు."

"అయితే ఆ గదుల్లో కూడా మీటర్లు పెట్టాలి. అవి చల్లబడితే మీకు వచ్చేది పొదుపు కాదు. ఆ షరతుకి ఒప్పుకుంటేనే పలకలిస్తాను."

"మీరు అమ్మడానికి మాట్లాడుతున్నారా, మానుకోవడానికా?" అని నవ్వి, పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

సంగతి తెలిసి రెడ్డెమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. "నా పిండి గిన్నె కోసరం అంత బేరం చెడగొట్టుకుంటావా? నేనేమన్నా అడుక్కున్యానా?" అని ఇందు మీద విరుచుకుపడింది. అంతటితో ఆగలేదు. గోడ ఇప్పుడు మునుపటికన్నా వెచ్చగా ఉంటే, పంతానికి గిన్నెలన్నీ మోసుకొచ్చి బయట వసారాలో చలిగాలికి పెట్టింది. దగ్గుతూ వాటి పక్కనే కూర్చుంది. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ వింతగా చూస్తున్నారు.

"లోపలికి పో మే" అని నేను బతిమాలాను.

"పోను. ఊరికే వచ్చేది నాకొద్దు. ముప్పై ఏండ్లు నీ గోడ వేడి తిన్నా, అది నువ్వు పారేసేది కాబట్టి. ఇప్పుడు నీ పొట్టు కాల్చి నాకు పంపిస్తాంటే ఎట్ట తీసుకునేది?"

ఇందు ఆవిడ ముందు గొంతుకూర్చుంది. "ఊరికే ఎవురు తీసుకోమన్నారు? నువ్వూ ఇయ్యి."

"నా దగ్గరేముండాది?"

"తెల్లారకముందు నుంచి నీ పొయ్యి మండతానే ఉంటాది గదా చిన్నమ్మా. ఆ వేడంతా వీధిలోకే పోతాది. అమ్మ బట్టీ వెలిగించేది నువ్వు అంగడి కట్టేసే వేళకి. అప్పుడు ఇసుక మంచుగడ్డ మాదిరి ఉంటాది, అది కాగేదానికే ఎక్కువ పొట్టు మింగుతాది. నీ పొయ్యి ఆ గోడవారకి జరుపు. పొద్దున నీ వేడి మాకు, సాయంత్రం మా వేడి నీకు."

రెడ్డెమ్మ నమ్మనట్టు చూసింది. "నిజంగా పనికొస్తాదా, నా మనసు కోసరం చెప్తాండావా?"

"మీటరు పెడతా, నువ్వే చూసుకో."

ఆవిడ లేచి, ఏమీ ఎరగనట్టు గిన్నెల్ని ఒక్కొక్కటే లోపలికి మోసింది.

మా పిల్ల గోడలో ఒక చట్రం చేయించి, పలకలకి మడతబందులు బిగించింది. తలుపు తిప్పినట్టు ఇటూ అటూ తిప్పుకోవచ్చు. కంపెనీ నుంచి ఇంతవరకూ కబురు లేదు. ఎగతాళి చేసినవాళ్లు ఇంకొంచెం చేశారట, చెయ్యనీ. మా వీధి ఇస్త్రీ అంగడివాళ్లూ, వాళ్ల పక్కనున్న టీ కొట్టువాళ్లూ మాత్రం కలిసి వచ్చి అడిగిపోయారు. వచ్చేవారం వాళ్ల గోడ కొలవడానికి ఇందు వస్తోంది.

రెడ్డెమ్మ పొయ్యి గోడవారకి జరిపిన మొదటిరోజు పొద్దున నేను కదిరప్ప కన్నా ముందే బట్టీ తలుపు తీశాను. లోపల పొయ్యి నల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ఇసుకలో చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. అప్పుడే లేచిన పిల్ల పక్కలో చెయ్యి పెట్టినట్టుంది. ముప్పై ఏళ్లలో నేను నిప్పు వెయ్యకుండా ఆ ఇసుక వేడెక్కడం అదే మొదటిసారి.

గోడ అవతల నుంచి రెడ్డెమ్మ గొంతు, ఇడ్లీ పాత్రల చప్పుడు మధ్యలోంచి. "ఏం మే, వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను.

"బాగా వచ్చిందా?"

"చాలా వచ్చింది రెడ్డెమ్మా."

"అయితే పొట్టు తక్కువెయ్యి. నా వేడి దండగ చెయ్యగాకు!"

ఎంత పొగరో ఆ గొంతులో! ఇన్నేళ్లలో ఎప్పుడూ విననంత పొగరు. ఒకరికి ఇవ్వగలిగే మనిషికి వచ్చే పొగరు అది. ఆవిడది బద్ధకమన్న నోటితోనే "తక్కువే ఏస్తాలే మే" అన్నాను. ఇసుకలోంచి చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. అప్పుడే కదిరప్ప లోపలికి వచ్చాడు.

"ఏడస్తాండావా అమ్మా?"

"ఏడుపేందిరా, పొగ" అన్నాను, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

వాడు నన్నూ, పొయ్యినీ మార్చి మార్చి చూశాడు. "ఇంకా పొయ్యే ఎలిగించలేదు గదమ్మా" అన్నాడు.